పగలు చీకట్లో, రాత్రి వెలుగులో

మన ఇళ్లలో సమస్య ఏదైనా తీర్పు ఒకటే: "అంతా ఆ ఫోన్ వల్లే." తలనొప్పి వచ్చినా ఫోన్ వల్లే, సైట్ వచ్చినా ఫోన్ వల్లే, ఆదివారం పదకొండింటిదాకా లేవకపోయినా ఫోన్ వల్లే. కళ్లద్దాల షాపుకి వెళ్తే మాత్రం "బ్లూ కట్ వేయించుకోండి, ఎంతసేపు చూసినా ఏం కాదు" అంటారు. ఇక ఫోన్ సెట్టింగ్స్‌లో కళ్లని కాపాడతానంటూ ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే స్క్రీన్ పసుపు పచ్చగా మారిపోయి, మనకి కూడా ఏదో పుణ్యం చేసినట్టు అనిపిస్తుంది.

ఈ మూడింటిలో ఏది నిజం? మా తమ్ముడికి తొమ్మిదో తరగతిలో సైట్ వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న నా బుర్రలో తిరుగుతూనే ఉంది. వాడు త్వరలో ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చేరబోతున్నాడు. అక్కడ ఫోన్ ఉండదు కాబట్టి వాడి కళ్లకీ నిద్రకీ ఇక ఢోకా లేదని ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్నారు. నేను చదివినంతలో ఆ నిశ్చింతకి ఆధారం చాలా తక్కువ. ఎందుకో చెప్తాను. మనలో చాలామందిమి ఆ హాస్టళ్లలోంచి వచ్చినవాళ్లమే కాబట్టి ఇది మన కథ కూడా.

కంట్లో ఒక లైట్ సెన్సర్

స్కూల్లో కన్ను పాఠం గుర్తుందా? రెటీనాలో దండ కణాలు, శంకు కణాలు అని రెండు రకాలు ఉంటాయని చదివాం. మసక వెలుతురులో చూడటానికి దండాలు, రంగులు చూడటానికి శంకువులు. లెక్క అంతటితో అయిపోయిందని సైంటిస్టులు కూడా చాలాకాలం అనుకున్నారు. 2002లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో డేవిడ్ బెర్సన్ టీమ్, ఎలుకల రెటీనాలో వెలుగుకి స్పందించే మూడో రకం కణాలు ఉన్నాయని చూపించింది. ఇవి గ్యాంగ్లియన్ కణాల్లో ఒక చిన్న గుంపు. మామూలు గ్యాంగ్లియన్ కణాలు సిగ్నల్‌ని మెదడుకి మోసే వైర్లలాంటివి. ఈ చిన్న గుంపు మాత్రం వెలుగు పడితే తనంతట తానే స్పందిస్తుంది. మనుషుల కళ్లలో కూడా ఇవి ఉన్నాయి.

వీటిలో మెలనాప్సిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది అన్నిటికంటే ఎక్కువగా స్పందించేది సుమారు 480 నానోమీటర్ల దగ్గర, అంటే మబ్బు లేని ఆకాశాన్ని గుర్తుచేసే నీలం వెలుగుకి. 'బ్లూ లైట్' గొడవంతా ఇక్కడి నుంచే మొదలైంది.

ఫోన్‌లో ఫొటో తీసే కెమెరా వేరు, చుట్టూ ఎంత వెలుతురు ఉందో చూసి బ్రైట్‌నెస్ సర్దే సెన్సర్ వేరు కదా. ఈ కణాలు ఆ సెన్సర్ లాంటివి. ఎదురుగా ఎవరున్నారు, పుస్తకంలో ఏం రాసుంది అనేది వాటి ముఖ్యమైన పని కాదు. "బయట ఎంత వెలుగుంది?" అన్న ఒక్క నంబర్‌ని మెదడులోని మాస్టర్ క్లాక్‌కి పంపుతుంటాయి. దాని అసలు పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. నోరు తిరగదు కాబట్టి మాస్టర్ క్లాక్ అనే అందాం. దాదాపు 20,000 న్యూరాన్లు ఉన్న చిన్న ముద్ద అది. ఒంట్లో వేడి ఎప్పుడు తగ్గాలి, ఆకలి ఎప్పుడు వేయాలి, నిద్ర ఎప్పుడు రావాలి లాంటివన్నీ దాని షెడ్యూల్ ప్రకారమే నడుస్తాయి.

చీకటి పడ్డాక ఆ క్లాక్ పీనియల్ గ్రంథికి సిగ్నల్ ఇస్తుంది. అక్కడి నుంచి మెలటోనిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. మెలటోనిన్‌ని నిద్రమాత లాంటిది అనుకుంటాం కానీ, అది ఒంటికంతటికీ వెళ్లే ఒక నోటిఫికేషన్ మాత్రమే: "రాత్రయింది, సర్దుకోండి." రాత్రి కళ్లమీద గట్టి వెలుగు పడితే ఆ నోటిఫికేషన్ ఆలస్యమవుతుంది, లేదా బలహీనపడుతుంది.

రోజూ కొంచెం లేటయ్యే గడియారం

సీఎస్ఈ వాళ్లకి ఈ భాగం బాగా నచ్చుతుంది. సర్వర్లలో ఉండే గడియారాలు ఎంత మంచివైనా రోజూ కొంచెం కొంచెం డ్రిఫ్ట్ అవుతాయి. అందుకే ఎన్‌టీపీ అనే ప్రోటోకాల్ ద్వారా బయట ఉన్న కచ్చితమైన టైమ్ సర్వర్‌తో అప్పుడప్పుడు సింక్ చేస్తాం. మన మాస్టర్ క్లాక్ కూడా అంతే. 1999లో హార్వర్డ్ పరిశోధకులు, బయటి టైమ్ తెలియకుండా మనుషుల్ని ఉంచి కొలిస్తే, లోపలి గడియారం ఒక రౌండ్ తిరగడానికి సగటున 24 గంటల 11 నిమిషాలు పట్టింది. సింక్ లేకుండా వదిలేస్తే రోజుకి 11 నిమిషాల చొప్పున వారానికి గంటకు పైగా వెనకబడుతుంది.

మన టైమ్ సర్వర్ సూర్యుడు. పొద్దున్నే కళ్లమీద పడే వెలుగు, ఆ రాత్రి నిద్ర కాస్త త్వరగా వచ్చేలా గడియారాన్ని సర్దుతుంది. రాత్రి పొద్దుపోయాక పడే వెలుగు దాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. ఒకే వెలుగు, పడిన టైమ్‌ని బట్టి రెండు వ్యతిరేక పనులు చేస్తుంది.

కాబట్టి "రాత్రి ఫోన్ చూశావా?" అని అడిగినప్పుడు, పక్కనే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: "పొద్దున సూర్యుణ్ణి చూశావా?" మొదటిది అందరూ అడుగుతారు. రెండోది ఎవరూ అడగరు.

లక్స్ లెక్కలు

ఒక చోట ఎంత వెలుగు పడుతుందో కొలిచే యూనిట్ లక్స్. మన రోజుని లక్స్‌లో చూద్దాం.

మండుటెండలో బయట సుమారు 1,00,000 లక్స్. అదే పగలు చెట్టు నీడలో నిలబడినా కొన్ని వేల లక్స్ ఉంటుంది. ట్యూబ్‌లైట్లు వెలుగుతున్న క్లాస్‌రూమ్‌లో మామూలుగా 300 నుంచి 500. ప్రొజెక్టర్ కోసం కర్టెన్లు వేసేసిన ల్యాబ్‌లో ఇంకా తక్కువ. చీకటి గదిలో ముఖానికి దగ్గరగా పెట్టుకున్న స్క్రీన్ నుంచి కళ్లకి చేరేది పదుల లక్స్.

మన కంటికి ఈ తేడా తెలియదు. కనుపాప సర్దుకుంటుంది, రెటీనా సర్దుకుంటుంది, క్లాస్‌రూమ్ కూడా "బాగానే వెలుతురుగా ఉంది" అనిపిస్తుంది. కానీ లోపలి సెన్సర్‌కి క్లాస్‌రూమ్ అంటే సాయంత్రం లాంటిది. పొద్దున హాస్టల్ నుంచి బస్సు, బస్సు నుంచి క్లాసు, క్లాసు నుంచి ల్యాబు, ల్యాబు నుంచి రూము. ఇలా తిరిగే మనిషికి పగలంతా సాయంత్రమే. రాత్రి ట్యూబ్‌లైటు, దాని కింద లాప్‌టాప్, దాని పక్కన ఫోన్. కాబట్టి రాత్రి కూడా సాయంత్రమే. ఇరవై నాలుగు గంటలూ సాయంత్రమైతే గడియారం దేనితో సింక్ అవ్వాలి?

ఈ మాట ఊరికే అనట్లేదు. మూడు ప్రయోగాలు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది బోస్టన్‌లోది, 2014 చివర్లో పబ్లిష్ అయింది. 12 మందిని ల్యాబ్‌లో ఉంచి, ఐదు రాత్రులు వరసగా, పడుకునే ముందు 4 గంటలపాటు మసక గదిలో ఐప్యాడ్ మీద ఫుల్ బ్రైట్‌నెస్‌లో చదివించారు. ఇంకో ఐదు రాత్రులు అదే గదిలో మామూలు పుస్తకం. ఐప్యాడ్ రోజుల్లో మెలటోనిన్ సగానికి పైగా తగ్గింది, లోపలి గడియారం గంటన్నర వెనక్కి జరిగింది. పేపర్లలో "స్క్రీన్ నిద్రని చంపేస్తుంది" అని వచ్చిన వార్తల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ ప్రయోగమే. అయితే నిద్రపట్టడానికి అదనంగా పట్టిన టైమ్ ఎంతో తెలుసా? సుమారు 10 నిమిషాలు.

రెండోది స్వీడన్‌లోని ఉప్సలాలో, 2016లో. 14 మంది యువతీయువకుల్ని పగలు ఆరున్నర గంటలు మంచి వెలుతురులో కూర్చోబెట్టి, రాత్రి 2 గంటలు టాబ్లెట్ మీద చదివించారు. పుస్తకం చదివిన రోజుతో పోలిస్తే మెలటోనిన్‌లో గానీ నిద్రలో గానీ తేడా కనిపించలేదు. బోస్టన్‌తో పోలిస్తే ఇక్కడ చదివిన గంటలు సగమే, కాబట్టి రెండింటినీ సరిగ్గా తూచలేం. అయినా పగలు సరిపడా వెలుగు తిన్న కంటికి రాత్రి టాబ్లెట్ వెలుగు పెద్దగా ఆనకపోవచ్చని ఆ పరిశోధకులు చెప్పారు.

మూడోది 2013లో అమెరికాలోని కొలరాడోలో. 8 మందిని ఒక వారం కొండల్లో క్యాంపింగ్‌కి పంపారు. ఫోన్లు లేవు, టార్చిలైట్లు కూడా లేవు, సూర్యుడూ నెగడూ మాత్రమే. వారం తిరిగేసరికి వాళ్ల లోపలి గడియారాలు దాదాపు రెండు గంటలు ముందుకి వచ్చాయి. పొద్దు గూకే వేళకి మెలటోనిన్ మొదలవుతోంది. "నేను పుట్టుకతోనే రాత్రి మనిషిని" అనేవాళ్ల గడియారాలు అందరికంటే ఎక్కువగా మారాయి.

మూడూ చిన్న ప్రయోగాలే, నిజం. కానీ మూడూ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి. రాత్రి వెలుగు ఎంత దెబ్బ కొడుతుందనేది పగటి వెలుగు ఎంత తిన్నామనే దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఇంకో విషయం. ఒకే వెలుగు అందరి మీదా ఒకేలా పనిచేయదు. 2019లో 55 మంది మీద చేసిన ఒక అధ్యయనంలో, మెలటోనిన్ సగానికి తగ్గడానికి కావలసిన వెలుగు మనిషికీ మనిషికీ 50 రెట్లకు పైగా తేడాగా ఉందని తేలింది. మీ రూమ్‌మేట్ మొహం మీద ట్యూబ్‌లైట్ పెట్టుకుని గురక పెడతాడు, మీకు చార్జర్ ఎల్ఈడీ కూడా గుచ్చుకుంటుంది. అందులో నటన ఏమీ లేదు. కాబట్టి "లైట్ తీయరా బాబూ" అని అడిగేవాణ్ణి ఏడిపించకండి.

పసుపు స్క్రీన్ కాపాడుతుందా?

నైట్ మోడ్ ఆన్ చేస్తే నీలం తగ్గుతుంది, సరే. 2021లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 18 నుంచి 24 ఏళ్ల వాళ్లు 167 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు పడుకునే ముందు నైట్ షిఫ్ట్ ఆన్ చేసి ఫోన్ వాడింది. ఇంకో గుంపు అది ఆఫ్ చేసి వాడింది. మూడో గుంపు అసలు ఫోన్ ముట్టలేదు. మొత్తం మీద మూడు గుంపుల నిద్రలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాకపోతే రోజూ సరిపడా నిద్రపోయేవాళ్లలో మాత్రం ఫోన్ ముట్టనివాళ్లు కాస్త మెరుగ్గా పడుకున్నారు. నైట్ షిఫ్ట్ ఆన్ చేసినవాళ్లకి ఆ లాభం కూడా దక్కలేదు.

ఎందుకంటే ఫోన్ మన నిద్రని దొంగిలించేది వెలుగుతో మాత్రమే కాదు. పదకొండింటికి పడుకుందామనుకుని "ఇంకొక్క రీల్", "ఇంకొక్క మ్యాచ్" అంటూ ఒంటిగంట చేశామనుకోండి. పోయింది రెండు గంటలు. దాని ముందు బోస్టన్ ప్రయోగంలోని 10 నిమిషాలు ఏ మూలకి? పైగా రిజల్ట్స్ వచ్చాయన్న మెసేజో, గ్రూపులో గొడవో చూశాక, స్క్రీన్ పసుపు రంగులో ఉన్నా గుండె దడ తగ్గదు. నైట్ మోడ్ రంగు మారుస్తుందే గానీ అక్కడ ఉన్న విషయాన్ని మార్చదు.

మన వయసు తప్పేం లేదు

"మా రోజుల్లో తొమ్మిదింటికే పడుకుని తెల్లారగట్ల లేచి చదివేవాళ్లం" అని ఇంట్లో ఒక్కసారైనా విని ఉంటాం. ఇందులో ఒక బయాలజీ విషయం మరుగున పడిపోతోంది. యుక్తవయసు మొదలైనప్పటి నుంచి లోపలి గడియారం సహజంగానే వెనక్కి జరుగుతుంది. బ్రౌన్ యూనివర్సిటీలోని మేరీ కార్స్‌కాడన్ లాంటివాళ్లు దశాబ్దాలుగా దీన్ని చూపిస్తూ వచ్చారు. రోజంతా మేలుకుని ఉంటే నిద్ర ఒత్తిడి పేరుకుంటుంది కదా, అది కూడా పెద్ద టీనేజర్లలో మెల్లగా పేరుకుంటుంది. ఈ వెనక్కి జరగడం సుమారు 20 ఏళ్ల వయసులో పీక్‌కి చేరి, తర్వాత తగ్గుతూ వస్తుంది. అంటే సరిగ్గా మన వయసు. ఇక యుక్తవయసులోకి అప్పుడప్పుడే అడుగుపెడుతున్న పిల్లల్లో, రాత్రి వెలుగుకి మెలటోనిన్ తగ్గడం పెద్ద పిల్లల కంటే ఎక్కువగా ఉంటుందని 2015లో వచ్చిన ఇంకో అధ్యయనం చెప్పింది. అంటే ఆరు, ఏడు తరగతుల పిల్లలు మనకంటే జాగ్రత్తగా ఉండాలి.

13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం చెప్తుంది. ఇప్పుడు ఇంటర్ హాస్టల్ లెక్క వేయండి. రాత్రి స్టడీ అవర్స్ పదిన్నరకి అయిపోయి, పడుకునేసరికి పదకొండు. పొద్దున ఐదింటికి బెల్. మధ్యలో ఉన్నది ఆరు గంటలు, అదీ తల దిండు మీద పెట్టగానే నిద్రపడితే. ఫోన్ లేకుండానే రోజుకి రెండు గంటల అప్పు. ఆరు రోజులకి పన్నెండు గంటలు.

మిగతా దేశాల్లో ఈ లెక్క చూసి టైమింగ్స్ మార్చిన చోట్లున్నాయి. అమెరికాలోని సియాటిల్‌లో 2016లో హైస్కూళ్లు మొదలయ్యే టైమ్‌ని 7:50 నుంచి 8:45కి జరిపారు. పిల్లలు ఆ గంటని ఫోన్‌కి ఇచ్చేస్తారేమో అని అనుమానం. కొలిచి చూస్తే రోజుకి సగటున 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. కాలిఫోర్నియాలో 2022 నుంచి హైస్కూళ్లు ఎనిమిదిన్నరకి ముందు మొదలవకూడదని ఏకంగా చట్టమే ఉంది.

ఇంజినీరింగ్‌కి వచ్చాక మన పరిస్థితి ఇంకోలా మారింది. వారమంతా ఒంటిగంటకి పడుకుని ఏడింటికి లేస్తాం. ఆదివారం మూడింటికి పడుకుని పదకొండింటికి లేస్తాం. నిద్రకి మధ్య టైమ్ తీసుకుంటే మొదటిది 4 గంటలు, రెండోది 7 గంటలు. తేడా మూడు గంటలు. హైదరాబాద్‌కీ మాస్కోకీ ఉన్న తేడా రెండున్నర గంటలే. అంటే మనం ప్రతి శనివారం రాత్రి మాస్కో దాటి వెళ్లి, సోమవారం పొద్దున ఫస్ట్ అవర్‌కి తిరిగొస్తున్నాం. జర్మన్ పరిశోధకుడు టిల్ రోన్నెబర్గ్ దీనికి 'సోషల్ జెట్‌లాగ్' అని పేరు పెట్టారు. సోమవారం ఫస్ట్ అవర్‌లో తల వాలిపోవడానికి ప్రతిసారీ సార్ గొంతు కారణం కాదన్నమాట.

కళ్ల సంగతి: మూడు వేర్వేరు విషయాలు

కళ్ల విషయానికి వస్తే మూడు వేర్వేరు సమస్యల్ని కలిపి ఒకే బుట్టలో వేస్తున్నాం.

మొదటిది, రాత్రికి కళ్లు మండటం, పొడిబారటం, తలనొప్పి. మనం మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. స్క్రీన్ మీద దృష్టి పెట్టినప్పుడు అది సగానికి పడిపోవచ్చు. రెప్ప వేసినప్పుడల్లా కంటి మీద కన్నీటి పొర పరుచుకుంటుంది. అది లేకపోతే కన్ను ఎండుతుంది, ఏసీ గదిలో అయితే మరీనూ. ఇక దూరం సంగతి. కంటి లెన్స్ ఎంత శ్రమ పడాలో డయాప్టర్లలో చెప్పొచ్చు, 100ని సెంటీమీటర్లతో భాగిస్తే చాలు. 50 సెంటీమీటర్ల దూరంలో లాప్‌టాప్ 2 డయాప్టర్లు. 33 దగ్గర పుస్తకం 3. పడుకుని 20 దగ్గర పెట్టుకున్న ఫోన్ 5. మూడు మీటర్ల దూరంలో టీవీ అయితే మూడో వంతు డయాప్టరే. అందుకే అదే సినిమా టీవీలో చూస్తే రాని నొప్పి ఫోన్‌లో వస్తుంది.

రెండోది, బ్లూ లైట్ రెటీనాని కాల్చేస్తుందన్న భయం. స్క్రీన్ నుంచి వచ్చే నీలం వెలుగు కంటికి హాని చేస్తుందనడానికి ఆధారాల్లేవని అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ చాలా ఏళ్లుగా చెప్తోంది. ఆకాశం వైపు చూస్తే మన కంట్లో పడే నీలం ముందు ఫోన్ నీలం ఎంత? బ్లూ కట్ అద్దాల మీద 2023లో కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాల్ని కలిపి సమీక్షించింది. మామూలు అద్దాలతో పోలిస్తే కంటి అలసట తగ్గించడంలో, ఆ ప్రయోగాలు కొలిచిన తక్కువ కాలంలో, వీటికి ప్రత్యేకమైన లాభం ఏమీ ఉండకపోవచ్చని తేల్చింది. ఆ ఎక్స్‌ట్రా డబ్బులతో మంచి టేబుల్ లైట్ కొనుక్కోవచ్చు.

ఇక్కడే ఒక తమాషా సంగతి. పక్కకి తిరిగి, ఒక కన్ను దిండులో నొక్కుకుపోయి, ఇంకో కంటితో చీకట్లో ఫోన్ చూశాక, ఫోన్ పక్కన పెట్టగానే ఒక కన్ను కనపడట్లేదని హడలిపోయిన ఇద్దరు మహిళల గురించి 2016లో లండన్ డాక్టర్లు ఒక పెద్ద మెడికల్ జర్నల్‌లో రాశారు. జరిగిందేమిటంటే దిండులో ఉన్న కన్ను చీకటికి అలవాటు పడింది, స్క్రీన్ చూసిన కన్ను వెలుగుకి అలవాటు పడింది. లైటు పోగానే రెండోదానికి కొన్ని నిమిషాలు ఏమీ కనిపించలేదు. హాని ఏమీ లేదు. కానీ ఇలాంటి కారణం ఏదీ లేకుండా చూపు పోతే, వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే.

మూడోది అసలైనది: సైట్. అంటే దూరపువి మసకగా కనిపించడం. కనుగుడ్డు కావాల్సిన దానికంటే పొడుగ్గా పెరిగిపోయి, బొమ్మ రెటీనా కంటే ముందే ఫోకస్ అవుతుంది. పెద్దవాళ్ల కనుగుడ్డు పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే రెండున్నర డయాప్టర్లకు పైగా సైట్ వస్తుంది. పొడుగు పెరిగిన కన్ను మళ్లీ పొట్టి కాదు. అద్దాలు బొమ్మని సరిచేస్తాయి, కనుగుడ్డుని కాదు. పవర్ బాగా పెరిగితే పెద్దయ్యాక రెటీనా ఊడిపోయే ప్రమాదం లాంటివి పెరుగుతాయి.

మరి సైట్ ఫోన్ వల్లేనా? సింగపూర్, తైవాన్‌లలో పిల్లలకి సైట్ పెద్ద సమస్యగా మారింది స్మార్ట్‌ఫోన్లు పుట్టకముందే. దగ్గరగా పెట్టుకుని గంటలు గంటలు చూడటానికీ సైట్‌కీ సంబంధం ఉందని చాలా అధ్యయనాలు చెప్తాయి, అది ఫోన్ అయినా పుస్తకమైనా. కానీ 2008లో వచ్చిన ఒక పోలిక చూడండి. సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ ఉంటున్న చైనా మూలాల పిల్లల్ని, ఆరేడేళ్ల వయసువాళ్లని, పరీక్షించారు. సింగపూర్‌లో 29 శాతం మందికి సైట్ ఉంది, సిడ్నీలో 3 శాతానికి. తల్లిదండ్రుల సైట్‌లో పెద్ద తేడా లేదు. పుస్తకాలు ఎక్కువ చదివింది సిడ్నీ పిల్లలే! పెద్ద తేడా ఒక్కటే: సిడ్నీ పిల్లలు వారానికి దాదాపు 14 గంటలు ఆరుబయట గడిపారు, సింగపూర్ పిల్లలు 3 గంటలు.

తర్వాత చైనాలోని గ్వాంగ్జౌలో 12 స్కూళ్లని తీసుకుని, వాటిలో సగం స్కూళ్లలో ఒకటో తరగతి పిల్లలకి రోజూ 40 నిమిషాల ఆరుబయట క్లాసు అదనంగా పెట్టారు. మూడేళ్లకి, మామూలు స్కూళ్లలో 39.5 శాతం పిల్లలకి కొత్తగా సైట్ వస్తే, ఆరుబయట క్లాసు ఉన్న స్కూళ్లలో 30.4 శాతానికి వచ్చింది. 2015లో ఈ ఫలితాలు వచ్చాయి. ఆరుబయటి గట్టి వెలుగుకి రెటీనాలో డోపమైన్ ఎక్కువగా విడుదలై, కనుగుడ్డు పొడుగు పెరగకుండా ఆపుతుందని జంతువుల మీద చేసిన ప్రయోగాల్ని బట్టి అనుకుంటున్నారు. తైవాన్ 2010 నుంచి స్కూలు పిల్లల్ని రోజుకి 120 నిమిషాలు బయట ఉంచే కార్యక్రమం నడుపుతోంది.

మన దగ్గరి సంగతి కూడా ఉంది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల మీద చేసిన సర్వే 2002లో వచ్చింది. సైట్ ఉన్నది నూటికి నలుగురికి. ఢిల్లీ పిల్లల్లో అదే ఏడాది వచ్చిన లెక్క నూటికి ఏడుగురు. 2015లో ఢిల్లీ స్కూళ్లలో చేసిన ఇంకో సర్వేలో నూటికి పదముగ్గురు. సర్వేల పద్ధతులు వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి తీసివేత చేయలేం. కానీ బాణం ఏ దిక్కుకి ఉందో కనిపిస్తూనే ఉంది.

ఫోన్ లాక్కుంటే సరిపోతుందా?

ఇప్పుడు మళ్లీ ఇంటర్ హాస్టల్‌కి రండి. ఫోన్ లేదు, నిజమే. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదిన్నరదాకా ట్యూబ్‌లైట్ కింద, 30 సెంటీమీటర్ల దూరంలో మెటీరియల్. గ్రౌండ్ లేని బిల్డింగ్ అయితే రోజంతా ఆకాశం కనిపించేది మెస్‌కి నడిచే దారిలోనే. పైన చెప్పిన లెక్కల్లో చూస్తే నిద్ర తక్కువ, పగటి వెలుగు తక్కువ, దగ్గరి చూపు ఎక్కువ. అన్నీ ఉన్నాయి, ఒక్క ఫోన్ తప్ప. నేరస్థుణ్ణి పట్టుకున్నామని సంబరపడుతుంటే, మిగతా ముఠా అంతా హాస్టల్‌లోనే ఉంది.

ఫోన్‌ని నేను వెనకేసుకు రావట్లేదు. రాత్రి నిద్రకి అది అడ్డమే. అయితే తప్పంతా దాని మీదకి నెట్టేస్తే, ఎవరూ హాస్టల్ టైమ్‌టేబుల్ వైపు వేలు చూపించరు.

చేయగలిగినవి

పొద్దున లేచిన గంటలోపు ఓ 20, 30 నిమిషాలు బయట ఉండండి. టీ గ్లాసు మెస్‌లోంచి బయటికి తెచ్చుకుని తాగినా చాలు. సూర్యుడి వైపు సూటిగా చూడక్కర్లేదు, చూడకూడదు కూడా. మన ఎండల్లో మిట్టమధ్యాహ్నం నిలబడమని కూడా అనట్లేదు, చెట్టు నీడ చాలు.

రాత్రి చివరి గంటలో బ్రైట్‌నెస్ తగ్గించండి, గది లైటు కూడా తగ్గించండి. ట్యూబ్‌లైట్ ఆపి టేబుల్ లైట్ వేసుకుంటే రూమ్‌మేట్ కూడా బాగుపడతాడు. ఫోన్ చార్జింగ్‌ని చేతికి అందని ప్లగ్‌లో పెట్టండి. నైట్ మోడ్ కంటే ఆ ఆరడుగుల దూరం నయం.

ఆదివారం లేచే టైమ్‌ని మామూలు రోజు కంటే గంట, గంటన్నరకి మించి జరపకండి. అప్పు తీర్చుకోవాలంటే మధ్యాహ్నం ఒక చిన్న కునుకు తీయండి.

కోడింగ్ చేస్తున్నప్పుడు 20 నిమిషాలకోసారి, 20 అడుగుల అవతల ఉన్నదేదైనా, 20 సెకన్లు చూడండి. కంపైల్ అయ్యేలోపు కిటికీలోంచి చూస్తే సరి. ఫోన్‌ని పడుకుని ముక్కు దగ్గర పెట్టుకోకండి. బోర్డు మసకగా కనిపిస్తుంటే ముందు బెంచీకి మారిపోవడం కాదు, కళ్లు చూపించుకోండి.

ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఇంటర్‌లో చేరబోతుంటే, కాలేజీ చూడ్డానికి అమ్మానాన్నలతో మీరూ వెళ్లండి. ర్యాంకుల ఫ్లెక్సీ చూశాక రెండు ప్రశ్నలు అడగండి: "రాత్రి ఎన్నింటికి లైట్లు తీస్తారు, పొద్దున ఎన్నింటికి బెల్ కొడతారు?" ఒకటి. "పగలు పిల్లలు ఎంతసేపు బయట ఉంటారు?" రెండు. ఆఫీసులో కూర్చున్నాయన మొహం చిట్లించినా పర్లేదు, అడగండి. ఫీజు గురించి గంటసేపు మాట్లాడేవాళ్లం, నిద్ర గురించి రెండు నిమిషాలు మాట్లాడలేమా?